సుక్కమ్మ చాయ్ మీద ఒక్క కామెంట్

చిన్న ముచ్చటే, గ్లాసు చాయ్ తాగేలోగా అయిపోతుంది. పోయిన ఎండాకాలం గౌడవెల్లి మలుపులో, సుక్కమ్మ చాయ్ కొట్టు దగ్గర జరిగింది. అయితే పరమేష్ సంగతి చెప్పకుండా ఇది మొదలవదు. పరమేష్ సంగతి చెప్పాలంటే వాడి బండి సంగతి చెప్పాలి. ఆ బండికి హారన్ లేదు, అవసరం పడలేదు. బండి కంటే ముందు వాడి గొంతే వచ్చేస్తుంది. సరే, బండిని చెట్టు కింద పెట్టి కొట్టులోకి వద్దాం.

ఆ రోజు సుక్కమ్మ మనసు మనసులో లేదు. కొంతకాలంగా కండ్లకోయ కాలేజీ బస్సు తన కొట్టు దగ్గర ఆగడం మానేసింది. ఎదురు కొట్టు దగ్గర ఆగుతోంది. పాలు మిగిలిపోతున్నాయి. ఇట్లాగే సాగితే కొట్టు మూసి మళ్ళీ కూలికి పోవడమే. కారణమేమిటో ఎవరూ చెప్పరు. పరమేష్ కండ్లకోయలో కంప్యూటర్ పని చేస్తాడు కదా, వాడైనా కనిపెడతాడని వేడి చాయ్ చేతిలో పెట్టి అడిగింది.

"పెద్దమ్మా, అడగాల్సినోన్నే అడిగినవ్," అని పరమేష్ గ్లాసును బెంచీ మీద పెట్టాడు. వాడు మాటల కోసం గ్లాసు కింద పెట్టాడంటే ఆ చాయ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

"మా కంపెనీల ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నది. జనం వీడియోల కింద కామెంట్లు పెడ్తరు గదా, గవన్ని ఏరుకొచ్చి ఏఐ ఏజెంట్లకు ఇస్తది. ఏజెంటంటే మనిషి గాదు పెద్దమ్మా, పని జెప్తే దానంతటదే జేసుకొచ్చే మిషన్. దాన్ని ఎట్ల వాడాల్నో రాసిపెట్టేటోన్ని నేనే. నేను రాయకముందు మిషన్లు మొదటి పేజీ సూసి, అయిపోయినయని ఊకునేటివి. నేను ఒక్క ముక్క రాసిన, 'కింద ఇంకో పేజీ ఉంటది, సూడు' అని. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"సూసినయా?" అన్నాడు పర్వతాలు. ఆటో నడుపుతాడు. సవారీ దొరకనప్పుడు పరమేష్‌ని వింటాడు.

"సూసుడా కాక! కామెంట్ల కింద కామెంట్లు, వాటి కింద తిట్లు, అన్ని తోడినయి. ఆఖరికి జనం టైపు జేసి, ఎందుకొచ్చిన లొల్లని తుడిపేసుకున్నయి గూడ తెచ్చినయి."

"తుడిపేసినవి ఎలా వస్తాయండీ?" అన్నాడు ఫణిభూషణ్. బెజవాడ మనిషి, దూలపల్లి కొత్త కాలనీలో ఉంటాడు. చాయ్ కంటే ఇక్కడి కోతలు నచ్చి ఆగుతాడు.

"రాసే తీరుల ఉంటది సార్. శామీర్‌పేట చెరువు వీడియో కింద చేపలు పెట్టిన కామెంట్ గూడ వచ్చింది."

"చేపలేమన్నయిరా?" అన్నాడు పర్వతాలు.

"వల కన్నాలు మస్తు చిన్నగున్నయ్, గాలాడ్తలేదన్నయి."

పర్వతాలు నవ్వలేదు. వల వేసేవాళ్ళు వినాల్సిన మాటే అనుకున్నాడు.

"ఇగ అసలు ముచ్చట ఇనుండ్రి. దునియాల ఏ మిషన్ పుట్టినా, ముందుగాల నేను రాసిన ఉదాహరణ జేసి సూస్తది. జపాన్ మిషనైనా గంతే, పొద్దున లేస్తనే 'పరమేషన్నా, మొదలువెడ్తున్న' అంటది. గా ఉదాహరణల ఏ వీడియో పెట్టిననుకున్నరు? నేను దీసిన మన సుక్కమ్మ పెద్దమ్మ కొట్టు వీడియో! దునియా మొత్తం మిషన్లు రోజూ ఈ కొట్టు కామెంట్లే సదువుతయి!"

సుక్కమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. దునియా మొత్తం చదువుతుంటే, రోడ్డు మీద పోయే బస్సు ఎందుకు ఆగదో ఆమెకు అంతుపట్టలేదు.

ఫణిభూషణ్ ఫోన్ తీసి, "గౌడవెల్లి మలుపులో మంచి టీ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు.

ఫోన్ మర్యాదగా పలికింది: "ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్ళండి. సుక్కమ్మ కొట్టులో టీ చల్లారిపోయి ఉంటుందని ఒక కామెంట్ ఉంది. రాసినవారు పరమేష్."

చాయ్ గిన్నె పొంగింది. ఎవరూ దించలేదు.

"అరేయ్," అంది సుక్కమ్మ.

"పెద్దమ్మా, ఉదాహరణకు ఒక్క కామెంటన్న ఉండాలె గదా! నీ వీడియో కింద ఒక్కటి లేకుండె. పరీక్ష కోసం నేనే ఒకటి రాసిన. ఆ దినం నా చాయ్ నిజంగనే సల్లారింది."

"నోరు మూసుకుని తాగితే సల్లారకపోతుండె," అన్నాడు పర్వతాలు.

"తీసేస్త పెద్దమ్మా, జల్దీ తీసేస్త."

"దునియంత సదివినంక తీసేసి ఏం జేస్తవురా? దాని కిందనే ఇంకోటి రాయి."

"ఏమని?"

సుక్కమ్మ రోడ్డు వైపు చూసింది. తారు మెత్తబడే ఎండ. "ఈ ఎండల సల్లారిన చాయే మంచిగుంటదని రాయి. బర్ఫ్ ముక్కలు గూడ ఏస్తదని రాయి."

పరమేష్ అక్కడే బెంచీ మీద కూర్చుని రాశాడు. పక్కన వాడి గ్లాసులో మీగడ కట్టింది.

ఆ వారంలోనే కాలేజీ బస్సు ఆగింది. పిల్లలు ఫోన్లు చూసుకుంటూ దిగి చల్లటి చాయ్ అడిగారు. తర్వాత ఐటీ పార్కు వాళ్ళు వచ్చారు. ఇప్పుడు సుక్కమ్మ ఐస్ పెట్టె కొనుక్కుని చల్లటి చాయ్ మాత్రమే అమ్ముతోంది. వేడి చాయ్ కావాల్సినవాళ్ళు ఎదురు కొట్టుకు పోతారు. పరమేష్ కూడా అక్కడే తాగుతాడు.