పెద్దాయన ఎడమ బూటు

ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో తెల్లారేసరికి మోకాలి లోతు మంచు పడింది. మంచు మీద జారే స్కీల దుకాణంలోకి ఓ పెద్దాయన చంకలో సంచీతో దొంగలా వచ్చాడు.

"అమ్మాయ్, మెత్తటి మంచులో తేలే వెడల్పాటి స్కీలు కావాలి. ఉన్నవాట్లో బాగా బరువైనవి."

"బరువైనవా? దిగేది అరగంట, వాటితోనే కొండెక్కేది నాలుగు గంటలు పెద్దాయనా. ప్రాణం తోడేస్తాయి."

"తోడెయ్యాలి. నాక్కాదులే, మా ఆవిడకి. పుట్టినరోజు కానుక."

"ఆవిడేం పాపం చేసింది?"

"ముప్పై ఏళ్లుగా కొండెక్కేటప్పుడు ఆవిడ వీపు తప్ప మొహం చూసెరగను. నేను పైకి చేరేసరికి ఫ్లాస్కులో టీ చుక్క మిగలదు. ఇదిగో, స్కీకి బిగించడానికి కొలత కావాలిగా, ఆవిడ బూటు తెలీకుండా పట్టుకొచ్చా."

అమ్మాయి బూటు లోపల రాసిన పేరు చూసి పకపకా నవ్వింది.

"నోట్‌బుర్గా గారిదా! పోయిన వారం ఆవిడా ఇలాగే ఓ బూటు తెచ్చారు. మీ ఎడమది."

"దాని కోసం రెండ్రోజులు కుక్కని తిట్టాను కదే! నాకూ బరువైనవే కొందా?"

"షాపులోకెల్లా తేలికైనవి. పైన చలిలో ఒక్కదాన్నే మీకోసం ఎదురుచూడలేక చస్తున్నానన్నారు."

పెద్దాయన అప్పటికే ఎంచి పట్టుకున్న బరువైన జతని మెల్లగా గోడకి ఆనించాడు.

"ఆవిడకీ తేలికవే చూపించమ్మా."

"మళ్లీ వీపే కనిపిస్తుంది మరి!"

"కనిపించనీ. అలవాటైన వీపే."