జలసంధికి మంచినీళ్ళ తలంటు

"జబ్బు చేపల తొట్ల దగ్గరికి మనిషి కావాలని ఊరంతా ఎందుకు తిరుగుతున్నారు లస్త్రి బూ, నేనిక్కడ కూర్చుని కాఫీ తాగుతుంటే!" అన్నాడు పాక్ దార్సోనో, కాఫీకొట్టు బెంచీ మీద ఆమెకి కాస్త చోటిచ్చి. "మోకాళ్ళు పోయాయని నన్ను సముద్రంలోకి దించడం మానేశారు గానీ, కళ్ళు పోయాయా? చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టుంటే ఒక జబ్బు, పిండి చల్లినట్టుంటే ఇంకో జబ్బు. ఉప్పు జబ్బయితే ఐదు నిమిషాలు మంచినీళ్ళలో ముంచుతా, పురుగు పొట్ట పగిలి రాలిపోతుంది. ఓసారి ఇంత చిన్న నారింజరంగు చేపకి అట్లాగే చేశా. బతికింది."

ఆ ఊళ్ళో పెద్దాయన్ని పాక్ అనీ, అమ్మగారిని బూ అనీ, కుర్రాణ్ణి మాస్ అనీ పిలుస్తారు. లస్త్రి ఇళ్ళలో అద్దాల తొట్లలో పెంచుకునే సముద్రచేపలు అమ్మే షెడ్డు నడుపుతుంది. జబ్బులు చూసుకునే మనిషి మానేశాక పన్నెండు రోజుల్లో సగం తొట్లు ఖాళీ అయ్యాయి. ఇంకో వారం ఇట్లాగే సాగితే షెడ్డు మూసుకోవాల్సిందే. అందుకే ఆశగా కూర్చుంది.

"బతికింది సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడే సురబయ నగరం నుంచి నాకోసం కారొచ్చింది. ఎవరో పెద్దాయన, ఇంట్లో గదంత తొట్టి, అందులో దున్నంత చేప. డాక్టర్లు చేతులెత్తేశారు. నేను అద్దానికి చెవి ఆనించా. లోపల గోక్కుంటున్న చప్పుడు! పొట్ట కింద, ఎడమపక్క, బొటనవేలంత పుండు అన్నా. తిప్పి చూస్తే ఏముంది? నిజంగా బొటనవేలే!"

"ఎవరిది?" అన్నాడు పక్క బెంచీ మీద వల కుట్టుకుంటున్న యాంతో. లస్త్రి షెడ్డుకి చేపలు పట్టి తెచ్చేది అతనే.

"నాకంటే ముందొచ్చిన డాక్టరుది! మరి దాన్ని ముంచాలంటే బకెట్టు చాలుతుందా? వాళ్ళ ఈతకొలనులో ముంచా. తోక ఒక్కసారి ఊపిందా, నీళ్ళన్నీ పక్కింటి మేడ మీదికి పోయాయి. పుండు మాత్రం మాయం! ఇంక ఆ కబురు సముద్రమంతా పాకింది. వారం తిరిగేసరికి మన బాలి జలసంధిలో, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా జబ్బు చేపల వరస. పడవలు ఆగిపోయాయి."

"నేను రోజూ ఆ నీళ్ళల్లోనే మునుగుతా పాక్. నాకు కనబడలేదే?"

"నీకే జబ్బూ లేదుగా మాస్, నీకెందుకు కనబడతాయి! వినండి బూ. ఒక్కోదాన్ని ముంచుకుంటూ పోతే నా ఆయుష్షు చాలదని, ఆకాశంలోకి చూసి ఒక్క కేక వేశా. వాన! ఏడు రోజులు. జలసంధికి జలసంధే మంచినీళ్ళయిపోయింది. మా ఆవిడ ఆ నీళ్ళతోనే కాఫీ పెట్టింది. తిమింగలాలొచ్చి వీపులు చూపించాయి. ఓ ఆడ సొరచేప రెక్క కింద తామర చూపించడానికి సిగ్గుపడితే, నేను మొహం తిప్పుకుని మందు రాశా."

లస్త్రి లేచి బండి దగ్గరికెళ్ళింది. గాలి నింపి ముడేసిన ప్లాస్టిక్ సంచి తెచ్చి అతని ముందు పెట్టింది. అందులో నల్లటి చేప, తల నుంచి తోక దాకా తెల్లటి చుక్కలు. "పొద్దున్నే వచ్చింది. దీన్ని చూసి చెప్పండి పాక్. సరిగ్గా చెబితే పని మీదే."

దార్సోనో సంచిని ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "అయ్యయ్యో, ముదిరిపోయింది బూ. ఒళ్ళంతా పాకింది. ఇంకెవరైనా అయితే పారెయ్యమంటారు. నాకు రెండు రోజులివ్వండి. ఒక్క చుక్క మిగిలితే నా పేరు దార్సోనోనే కాదు!"

యాంతో వల కింద పడేశాడు. "దాన్ని ముంచకండి పాక్! మూడు రోజులు రాళ్ళ సందుల్లో వెతికి పట్టుకున్నా. దానికే జబ్బూ లేదు."

"అది పుట్టడమే చుక్కలతో పుడుతుంది," అంది లస్త్రి. "ఆ చుక్కలు చూసే జనం కొంటారు." సంచి తీసి యాంతో చేతికిచ్చింది. "జబ్బు తొట్లు రేపట్నుంచి నువ్వు చూడు మాస్."

పని చెయ్యి జారిపోయిందని దార్సోనోకి మనసు చివుక్కుమంది. అయినా బెంచీ మీంచి కదల్లేదు. "నేనూ అదే చెప్పబోతున్నా బూ. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. అట్లాంటిది నయం చెయ్యడం మహా కష్టం."

"కష్టమే పాక్," అంది లస్త్రి బండెక్కుతూ. "ఇంతసేపూ వింటూనే ఉన్నాగా."