తొక్కల బొగ్గు

అద్దకం షెడ్డు వెనక, వడపోత తొట్టి దగ్గర బాబాయ్, ఆయన అన్న కూతురు నిలబడి ఉన్నారు. తొట్టి కింది గొట్టం నుంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. నీళ్ల నమూనా కోసం వచ్చిన ఆఫీసరు జీపు అప్పుడే గేటు బయట ఆగింది.

“పోయిన వారమంతా తేటగా వచ్చాయి కదా బాబాయ్! ఇవాళేంటి ఈ రంగు?”

“అదే తెలియట్లేదమ్మా.”

“తొట్టిలో బొగ్గు మార్చారా?”

“నిన్న నువ్వు రాలేదుగా. క్యాంటీన్ నుంచి అరటి తొక్కలు, టీ పిప్పి తెచ్చి, నువ్వు చెప్పినట్టే డ్రమ్ములో కాల్చి నింపాను.”

“ఏదీ, చూడనివ్వండి... ఇది బొగ్గెక్కడ బాబాయ్? వట్టి బూడిద! రంగుని పట్టేది బొగ్గు, బూడిద కాదు. కాలేటప్పుడు మూత తీశారా?”

“కాలుతోందో లేదో అని ఒక్కసారి...”

“ఒక్కసారేనా?”

“పావుగంటకోసారి. మనసాగలేదే.”

“గాలి తగలకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను! పిన్ని అన్నం వండుతున్నా మీరింతేనట.”

“ఇప్పుడు తిట్టకే తల్లీ. ఆయన దిగుతున్నాడు.”

“గొట్టం కట్టేయండి. ఇవాళ ఒక్క చుక్క కూడా కాలువలోకి పోకూడదు. జరిగింది జరిగినట్టు చెప్పేద్దాం.”

“షెడ్డు మూయిస్తే? ముప్పైమంది పొట్ట కొట్టినట్టే.”

“ఆ కాలువ నీళ్లు తాగేవాళ్ల సంగతో?... జేబులో ఏంటది?”

“పోయిన వారం తేటనీళ్లు, సీసాలో. ఆయన నమూనా అడిగితే... ఇవ్వొచ్చని.”

“ఇటివ్వండి.”

“అయ్యో, పారబోశావేం!”

“మీ దగ్గరుంటే మూత తీయకుండా ఉండలేరు బాబాయ్.”