ఎగిరిపోయిన కత్తి మొన

మా వీధి టీ కొట్టు ముందు రెండు బల్లలుంటాయి. ఒకటి టీ తాగేవాళ్ళకి, రెండోది పాకం మాస్టారికి. ఆ పేరు మేం పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు. వాళ్ళావిడ ఇంట్లో పాకం బిళ్ళలు చేసి అమ్ముతుంది. వేయించిన గింజలు పాకంలో కలిపి, పళ్ళెంలో పరిచి, ముక్కలు కోసిన బిళ్ళలు. ఆవిడ పొయ్యి ముందు ఉన్నంతసేపూ ఈయన టీ కొట్టు ముందు ఉంటాడు. మాటలు కోటలు దాటుతాయి, మనిషి మాత్రం ఆ బల్ల దాటడు. నాది పక్కనే కత్తులకి, కత్తెరలకి సాన పట్టే కొట్టు. చెవులు మూసుకుందామన్నా నా రెండు చేతులూ పనిలోనే ఉంటాయి.

ఆ రోజు పొద్దున కొత్త మనిషి ఒకావిడ వచ్చి, బల్ల చివర కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని టీ అడిగింది. కొత్త చెవులు దొరికాయని మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. టీ కొట్టాయన, ఎదురు కొట్టు దర్జీ, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అయిపోయింది, ఇక ఈ పూటకి ఇంతే.

"పెద్దాసుపత్రి క్యాంటీన్ వాళ్ళు నా వెంట పడి చంపుతున్నారయ్యా. రోజూ వాళ్ళకి నా బిళ్ళలు కావాలట. నాకంత తీరిక లేదు నాయనా అంటే వింటేనా? సరే, పోనీ పాపం, ఇంతగా బతిమాలుతున్నారు కదా అని మొన్న ఒక డబ్బా శాంపిలు పంపా. ఇవాళో రేపో ఆర్డరు కాగితం వచ్చి నా కాళ్ళ ముందు పడుతుంది. పడిందా, ఇక ఆ అగ్గిపెట్టెలాంటి వంటింటికి దణ్ణం. మెయిన్ రోడ్డు మీద పెద్ద షెడ్డు, నాలుగు పొయ్యిలు, బోర్డు మీద నా ఫొటో!"

"ఆలు లేదు, చూలు లేదు..." అని గొణిగాడు దర్జీ, దారం కొరుకుతూ.

"ఆ ఆర్డరు కోసం ఆర్నెల్లు తిరిగింది అక్క కదా మాస్టారూ?" అన్నాడు టీ కొట్టాయన. "ఎండనక వాననక నాలుగుసార్లు డబ్బాలు మోసుకెళ్ళింది."

"తిరగడానికేముందయ్యా, కాళ్ళుంటే గేదె కూడా తిరుగుతుంది. బుర్ర ఎవరిది? గరిటె తిప్పేది ఆవిడే కావచ్చు, ఆవిణ్ణి తిప్పేది నేను. ఇప్పుడు చూడు, చెల్లెలికి పురుడని ఆవిడ వెళ్ళి అయిదు రోజులైంది. వ్యాపారం ఆగిందా? మొన్నటి శాంపిలు ఎవరు చేశారనుకున్నావు? ఇదిగో, ఈ చేతులే! ఆవిడ గాలి కూడా తగల్లేదు దానికి."

కొత్తావిడ టీ గ్లాసు పట్టుకుని ఆయన చేతుల వైపు చూసింది. మాస్టారికి ఇక కావలసిందేముంది!

"చెప్తా వినమ్మా. పొయ్యి వెలిగించా. బెల్లం వేశా, నీళ్ళు పోశా. అందరిలా అక్కడ నిలబడి కలుపుతూ కూర్చోలేదు, అది చేతకానివాళ్ళ పని. ముందు గదిలో పడక్కుర్చీలో పడుకుని కళ్ళు మూసుకున్నా. పాకం ఉడికే చప్పుడు బట్టి చెప్పేస్తా నేను, ఎంత ముదిరిందో. బుడబుడమంటే పచ్చిది. గుసగుసమంటే సగం. ఒక్కసారి నిశ్శబ్దం అయిందనుకో, నన్ను పిలుస్తున్నట్టు. వెళ్ళి వేలు పెట్టా."

"మరుగుతున్న పాకంలోనా?" అన్నాను నేను.

"మరి చల్లటి పాకంలో పెట్టడానికి నేనేమన్నా మూల మీద మిఠాయి కొట్టువాడినా? వాడు పాకం పరీక్ష చెయ్యాలంటే చేతికి సంచీ తొడుక్కుంటాడు, పిరికి సన్నాసి. నేను వేలు పెట్టి, బొటనవేలికి ఆనించి, ఇలా లాగా. తీగ సాగింది. ఇంకా లాగా, తెగలేదు. చెయ్యంతా చాపా, తెగలేదు. ఒక చివర వంటింటి కిటికీ చువ్వకి అంటించి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటా, మెట్లు దిగా, వీధిలోకొచ్చా. తీగ అలాగే ఉంది, వెంట్రుక మందాన, బంగారంలా మెరుస్తూ. ఇదిగో, ఈ దర్జీ కొట్టు ముందు నుంచే వెళ్ళా."

"మొన్ననా? మొన్న నేను ఇక్కడే ఉన్నానే, చూళ్ళేదే!"

"నువ్వెప్పుడు తలెత్తావయ్యా చూడ్డానికి? గుండీ కుట్టడానికి పూట పట్టే మనిషివి. చివరికి వీధి చివర కరెంటు స్తంభానికి కట్టేశా. కట్టి అలా తిరిగానో లేదో, మేడ మీద ఇల్లాలు దండెం అనుకుని తడి దుప్పట్లు ఆరేసింది! ఏడు దుప్పట్లు, రెండు బొంతలు. వంగలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దుప్పట్లకి చీమలు పట్టాయి," అన్నాడు టీ కొట్టాయన.

"ఆ, వచ్చాయి! సరిగ్గా చెప్పావు. మామూలుగా వచ్చాయా? వాసన పట్టుకుని ఏడూళ్ళ చీమలు వచ్చాయి. మా గుమ్మం నుంచి రైలు గేటు దాకా వరస. తోపులాట లేదు, గొడవ లేదు, మన రేషన్ షాపు దగ్గర మనుషులకి లేని బుద్ధి వాటికుంది. నేను గుమ్మంలో నిలబడి చెప్పా. చూడండర్రా, ఇది ఆసుపత్రి సరుకు, రోగులు తినేది, ముట్టుకోకండి, మీకు గిన్నె అడుగు వదిలేస్తా అన్నా. పెద్ద చీమ ఒకటి ముందుకొచ్చి తల ఊపింది. అంతే, మొత్తం వెనక్కి తిరిగాయి. పోతూ పోతూ ఆ మూల మీద మిఠాయి కొట్లో దూరాయట. రెండు నిమిషాల్లో ఉమ్ముకుంటూ బయటికొచ్చాయి!"

దర్జీ నవ్వాపుకోలేక సూది గుచ్చుకున్నాడు. కొత్తావిడ నవ్వలేదు.

"ఇంకా ఉంది. ఆ వాసన గాలికి కొట్టుకుపోయి రైలు పట్టాల మీదికి వెళ్ళింది. పదకొండు గంటల బండి, మన ఊళ్ళో ఆగని బండి, ఆగింది. డ్రైవరు దిగాడు, గార్డు దిగాడు, ప్రయాణికులు దిగారు, టికెట్ లేనివాళ్ళు కూడా ధైర్యంగా దిగారు. ఏమిటీ వాసన, ఎక్కడిదీ వాసన అని ఒకటే గోల. నేను వెళ్ళి తలా ఒక పలుకు పంచి పంపించేసరికి బండి గంటన్నర ఆలస్యం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన పాకం రెండు బిందెలు తీసుకెళ్ళి ఏటి మీద వంతెన పగుళ్ళలో పోశా. ఇంజనీర్లు మూడేళ్ళుగా బుర్ర గోక్కుంటున్నారు, సిమెంటు నిలవడం లేదని. నా పాకం నిలిచింది! లారీలు పోతున్నాయి. నమ్మకం లేకపోతే వెళ్ళి చూడండి, వంతెన మీద ఈగలు ఎలా ముసురుతున్నాయో."

"ఈగలు ముసరడం మాత్రం నిజం," అన్నాడు టీ కొట్టాయన. "పక్కనే చెత్తకుప్ప."

"నీలాంటివాళ్ళకి చెత్తే కనబడుతుంది," అని మాస్టారు మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు కొత్తావిడ మొదటిసారి నోరు విప్పింది. "పాకం పళ్ళెంలో పరిచాక ముక్కలు ఎప్పుడు కోశారండీ? వేడి మీదా, చల్లారాకా?"

మాస్టారు జాలిగా నవ్వాడు. చిన్నపిల్లలు అడిగే ప్రశ్నకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"వేడి మీద కోసేది మా ఆవిడమ్మా. పళ్ళెంలో పోసీ పొయ్యకముందే, చేతులు కాలుతున్నా సరే, గబగబా గాట్లు పెట్టేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఆడవాళ్ళకి అన్నీ తొందరే. నేనలా కాదు. పూటంతా వదిలేశా. రాయిలా అయ్యాక పట్టుకున్నా కత్తి. మామూలు రాయా అది? మొదటి దెబ్బకి నిప్పురవ్వలు లేచాయి. రెండో దెబ్బకి పక్కింటి గోడ మీద గడియారం ఆగింది. మూడో దెబ్బకి చూడు, టంగుమని కత్తి మొన విరిగింది!"

నా సానరాయి ఆగిపోయింది. కత్తి మొన విరిగిందంటే అది నా విషయం.

"విరిగి ఊరుకుందా? కిటికీలోంచి రివ్వున ఎగిరింది. పైన గద్ద ఒకటి కోడిపిల్లని ఎత్తుకుపోతోంది. ఈ మొన పోయి దాని గోరుకి తగిలింది. కోడిపిల్ల జారి సరాసరి తల్లి రెక్కల కిందే పడింది. అయినా మొన ఆగలేదు, ఇంకా పైకి పోయింది. పోయి పోయి నల్లమబ్బులో గుచ్చుకుంది. మొన్న సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి, గుర్తుందా? ఎందుకు పడ్డాయనుకున్నారు మరి?"

"ఇంతకీ ఆ మొన ఎక్కడ పడింది?" అందావిడ.

"ఎక్కడ పడటమమ్మా! ఇంకా పైనే తిరుగుతూ ఉంటుంది. ఈ రోజు దాకా కింద పడితే ఒట్టు."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, సంచీలోంచి ఒక రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల బిళ్ళలు లేవు. పెంకులు, గింజలు, పొడి. కుండ పగిలినట్టుంది. ఆ పక్కనే ఒక కాగితం మడత విప్పింది. అందులో నా చిటికెన వేలి గోరంత ఉక్కు ముక్క, ఒక వైపు పదునుగా.

"పడింది. మా డబ్బాలో పడింది," అంది. "నేను పెద్దాసుపత్రి క్యాంటీన్ చూసుకుంటాను."

మరుగుతున్న టీ పొంగి పొయ్యి మీద పడినా టీ కొట్టాయన కదల్లేదు.

"మీ ఆవిడ నాలుగుసార్లు తెచ్చింది. ఒక్క బిళ్ళ అంచు కూడా విరగలేదు. అయిదోసారి ఇది వచ్చింది. వార్డులో ఒక పెద్దావిడకి పెట్టబోతూ చూశాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేది? ఆర్డరు లేదు, ఇక మా గడప తొక్కొద్దని మీ ఆవిడ మొహం మీదే చెప్పి పోదామని వచ్చాను. ఇంటికి తాళం వేసి ఉంది."

మాస్టారి మొహంలో రంగులు మారాయి. ఒక్క నిమిషం, నిజం చెప్తాడేమో అనుకున్నాను. మనిషి కదా, ఆవిడ ఆర్నెల్ల కష్టం కళ్ళ ముందు మట్టిలో కలుస్తోంది కదా అనుకున్నాను.

"అయ్యో, నేనెక్కడ చేశానమ్మా!" అన్నాడు మాస్టారు. "ఏదో సరదాకి కబుర్లు చెప్పుకుంటున్నాం. ఆ డబ్బా మా ఆవిడే చేసి పెట్టి వెళ్ళింది. నేను ఊరికే పంపించా. ఆవిడకి చెప్తూనే ఉంటా, జాగ్రత్తగా చెయ్యవే అని..."

"మరి గద్ద?" అన్నాడు దర్జీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి ఆ మొనని వెలుగులో పట్టుకుని చూశాను. చూడక్కర్లేదు, నా సాన గీత నాకు తెలియదా?

"అమ్మా, ఇది వీళ్ళింటి కత్తిదే," అన్నాను. "అక్క ఊరెళ్ళే ముందు రోజు పని అంతా ముగించి నా దగ్గరే సాన పట్టించింది. తను వచ్చేలోగా తుప్పు పట్టకూడదని నూనె గుడ్డలో చుట్టుకుని పట్టుకెళ్ళింది. మర్నాడు సాయంత్రం ఊరి బస్సు ఎక్కేముందు, ఈ కొట్టు ముందే ఆగి చెప్పింది, కత్తి అలాగే దాచి పెట్టాను తమ్ముడూ, ఇక వచ్చాకే తీస్తానని. నా దగ్గర నుంచి వెళ్ళినప్పుడు దానికి మొన ఉంది."

"అయిదు రోజులైందన్నారు, మొన్న చేశానన్నారు, ఆవిడ గాలి కూడా తగల్లేదన్నారు," అన్నాడు టీ కొట్టాయన, వేళ్ళు మడుస్తూ. "మేం ముగ్గురం విన్నాం మాస్టారూ."

క్యాంటీన్ ఆవిడ డబ్బాకి మూత పెట్టి, మాస్టారి ఒళ్ళో పెట్టింది. "మీరు ఇంతసేపు కోతలు కోయకపోతే ఈ తప్పు మీ ఆవిడ మెడకే చుట్టుకునేది. వేడి మీద కోసేది ఎవరో, రాయయ్యాక నరికేది ఎవరో మీ నోటితోనే చెప్పారు. ఆర్డరు ఆవిడకే. కాగితం ఆవిడ వచ్చాక ఆవిడ చేతికే ఇస్తాను. కింద ఒక్క షరతు రాస్తాను, పొయ్యి ఉన్న గదిలోకి మీరు రాకూడదని. ఆవిడ ఎప్పుడొస్తుంది?"

"ఎల్లుండి," అన్నాను నేను.

ఆవిడ టీకి చిల్లర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మాస్టారు డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. పాపం అనిపించింది. ఎంతసేపని, మేం టీ ఇంకో చుట్టు తాగేంతసేపు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చూశారా మరి? ఇవాళ మా ఆవిడకి ఆర్డరు వచ్చిందంటే ఎవరి వల్ల? ఆ మొన డబ్బాలో పడకపోతే ఆ మేడమ్ ఇక్కడిదాకా వచ్చేదా? అంతా ఆలోచించే చేశానయ్యా నేను!"

దర్జీ సూది పక్కన పెట్టేశాడు. నేను మొన కాగితంలో మడిచి జేబులో వేసుకున్నాను.

"సరే మాస్టారూ," అన్నాను. "ఎల్లుండి అక్క బస్సు దిగగానే ఈ మాట ఆవిడ ముందే చెప్పండి. ఈలోగా కత్తి పంపించండి, కొత్త మొన తీసి ఉంచుతాను."