పియెదాద్ బట్టీకి రుమాల్డ్ వకాల్తా

"రుమాల్డ్ బాబ్, ఓ రుమాల్డ్ బాబ్, ఉన్నారా?"

గొంతు వీధి మలుపులోంచే వినబడింది. మనిషి తర్వాత వచ్చింది. రొట్టెల బట్టీ పియెదాద్. మోచేతుల దాకా పిండి, గౌను అంచుకి బూడిద, చేతిలో పంచాయతీ నోటీసు. అప్పుడే వాన వెలిసింది. కొబ్బరాకుల చివర్ల నుంచి ఇంకా చినుకులు జారుతున్నాయి. ఆ పసుపు వెలుతురులో ఆమె చేతిలోని కాగితం దూరం నుంచి ప్రేమలేఖలా ఉంది గాని, అందులో రాసిన సంగతి వేరు. ఇరుగుపొరుగుకి పొగ బాధ అని అర్జీ వచ్చిందట, బట్టీ ఎందుకు మూసెయ్యకూడదో సోమవారం వచ్చి చెప్పుకోవాలట. చెప్పుకోలేకపోతే ఆమె మామగారి తండ్రి కట్టిన బట్టీ ఆ సాయంత్రానికే చల్లారిపోతుంది. మర్నాటి నుంచి ఊరికి రొట్టె ఉండదు, పియెదాద్‌కి బతుకుతెరువు ఉండదు.

"మార్గావ్‌లో ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేశారు కదా మీరు. సోమవారం నా తరఫున నాలుగు మాటలు చెప్పాలి బాబ్. ఆఫీసర్ల ముందు నాకు నోరు పెగలదు" అంది అరుగు మెట్టు మీద కూలబడి.

రుమాల్డ్ బాబ్ అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. పక్కన గోవా జీడిసారా, ఫెనీ గ్లాసు. ఎదుటి అరుగు మీద జసింత్, ఓడలో వంటవాడిగా చేసి వచ్చి పియెదాద్ ఇంటి వెనక ఉంటున్న పెద్దమనిషి. గుమ్మంలో రుమాల్డ్ భార్య ఎర్మెలిన్ ఎండురొయ్యల తలలు తుంచుతోంది.

"పొగేనా? ఇదొక కేసా పియెదాద్ బాయి? కైతాన్ సారా కొట్టు కేసు విన్నావా నువ్వు?" అన్నాడు రుమాల్డ్.

"విననివాళ్ళుంటే ఈ ఊళ్ళో చెవిటివాళ్ళే" అంది ఎర్మెలిన్.

"నువ్వు రొయ్యల సంగతి చూడు. ఏం జరిగిందంటే, కైతాన్ కొట్టు గుమ్మానికీ చర్చి గుమ్మానికీ మధ్య వంద మీటర్లు లేదని లైసెన్సు కొట్టేశారు. ఎంత తక్కువయిందీ? రెండంటే రెండు మీటర్లు. అంతకే ఒక మనిషి నోటికాడ కూడు లాగేస్తారా అని నాకు మండింది. మా ప్లీడరుగారితో కూడా చెప్పకుండా నేరుగా కోర్టుకే వెళ్ళి, అయ్యా, మీరు చేల మీంచీ గోడల మీంచీ దారం లాగినట్టు కొలిచారు, తాగేవాడు గోడలు దూకి రాడు కదా, మనిషి నడిచే దారి కొలవండి అన్నాను."

"వచ్చేటప్పుడు దూకడు, వెళ్ళేటప్పుడు దూకుతాడు" అంది ఎర్మెలిన్.

"విను. వానాకాలం, చేలన్నీ మునిగిపోయాయి, నడిస్తే గట్టు మీదే నడవాలి, ఆ గట్టు చూస్తే పాము పాకినట్టు వంకరలు. టేపు పట్టుకున్నవాడు ముందు, ఇన్‌స్పెక్టర్ వెనక, మధ్యలో నేను. గట్టు మీద ఒక గేదె పడుకుని ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని లేపబోయాడు. ఆగండి, గేదెని లేపితే దారి మార్చినట్టు, అది కోర్టు ధిక్కారం అన్నాను. పాపం, గేదె చుట్టూ తిరిగొచ్చాడు. అలా ఎన్ని గేదెలనుకున్నావు? ఆ చేల దగ్గరే టేపు అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీ గ్లాసు కూడా అయిపోయింది" అంది ఎర్మెలిన్.

"చేపలవాళ్ళ వల తాళ్ళు తెప్పించి టేపు చివరన ముడేశాను. గట్టు తీసుకెళ్ళి నది ఒడ్డున వదిలింది. చట్టప్రకారం దారి ఎటుపోతే అటే పోవాలి, కాబట్టి ఫెర్రీ ఎక్కాం. నది మధ్యలో ఆటుపోటు తగిలి ఫెర్రీ ఇంజను ఆగిపోయింది, మెల్లగా సముద్రం వైపు కొట్టుకుపోతోంది, ఇన్‌స్పెక్టర్ ఏసుని తల్చుకుంటున్నాడు, నేను మాత్రం, రాసుకోండి సార్, దూరం పెరుగుతోంది అంటున్నాను."

పియెదాద్ నోటీసుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "చర్చి అటు వైపు కదా బాబ్? నదికెందుకు పోయారు?"

"అదే చట్టంలో కిటుకు. తిన్నగా పోతే తొందరగా చేరిపోతాం, చేరిపోతే ఓడిపోతాం. అవతలి ఒడ్డున దిగాం, కొండెక్కాం, జలపాతం దగ్గర తాడు జారితే కోతి పట్టుకుని మళ్ళీ చేతికిచ్చింది. అక్కడ రైలు కనబడింది. తాడు కొస చివరి పెట్టెకి కట్టి ఎక్కేశాం. బెళగావి స్టేషన్‌లో దిగి లాగి చూస్తే తాడు ఇంకా బిగువుగానే ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి గడ్డం బొడ్డు దాకా వచ్చింది, కన్నడం నేర్చేసుకున్నాడు, నన్ను అణ్ణా అని పిలవడం మొదలెట్టాడు. నేను ఆగానా? ఆగలేదు. చివరికి ఢిల్లీ నుంచి పెద్ద జడ్జీగారే ఫోను చేసి, రుమాల్డ్ బాబ్, మీకు దణ్ణం పెడతాను, ఆ తాడు ఇక ఆపండి, మా ఇంటి గుమ్మం దాకా వచ్చేసింది, మా ఆవిడ బట్టలారేసుకుంటోంది అన్నారు."

"తీర్పు ఏమిచ్చారు?" అడిగింది పియెదాద్. ఆశ కొద్దీ అడిగింది పాపం.

"ఇంత దూరం ఉందంటే కైతాన్ కొట్టు గోవాలోనే లేదని తీర్పు. గోవాలో లేని కొట్టుకి గోవా లైసెన్సు ఎందుకు? కొట్టు తెరుచుకోమన్నారు."

"మరి ఆ కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారుగా బాబ్?"

రుమాల్డ్ తడుముకోలేదు. "కైతానే మూసేశాడు. చర్చి మరీ దూరమైపోయింది కదా, ఆదివారాలు నడవలేక."

ఎర్మెలిన్ ఒళ్ళో రొయ్యలు చెదిరేలా నవ్వింది. పియెదాద్ నవ్వలేదు. చినుకులు కూడా ఆగిపోయి ఆమె ఏమంటుందో విందామని ఆకుల చివర వేలాడుతున్నట్టున్నాయి.

"అది దూరం కేసు. నాది పొగ. పొగని ఏ తాడుతో కొలుస్తారు? రేపొక్క రోజే ఉంది. మీరు వస్తారా, రారా? అది చెప్పండి ముందు."

రుమాల్డ్ గ్లాసుని అరచేతుల మధ్య తిప్పాడు. సోమవారం మాట వచ్చేసరికి కాలు మీంచి కాలు దిగింది. అయితే ఆ నోటికి ఆగడం అలవాటు లేదు.

"నేను రావాల్సిన పనే లేకుండా చేశాను బాయి. నీ మీద అర్జీ పెట్టినవాణ్ణి ఇవాళ పొద్దున పట్టేశాను."

"ఎవరు బాబ్?"

"పేరు బయటపెట్టకూడదు. అది మా వకీళ్ళ పద్ధతి."

"నువ్వు వకీలువి కాదు" అంది ఎర్మెలిన్.

"ఏడడుగుల మనిషి. అటొక తుపాకీవాడు, ఇటొక తుపాకీవాడు, ముందు దూడంత కుక్క. ఫెర్రీ రేవు దగ్గర అడ్డం నిలబడి నేను ఒక్క సెక్షన్ చదివానంతే. కుక్క కూర్చుంది. రెండో సెక్షన్‌కి తుపాకులు కింద పెట్టారు. మూడోది ఇంకా సగంలో ఉండగానే వాడు నా కాళ్ళ మీద పడిపోయి, తప్పయిపోయింది బాబ్, ఇక ఆ బట్టీ వంక చూడను అని ఏడ్చాడు చూడూ, నా చెప్పులు ఇంకా ఆరలేదు."

ఎదుటి అరుగు మీద జసింత్ తన గ్లాసు కింద పెట్టాడు.

"రుమాల్డ్" అన్నాడు. "నేను నీ కాళ్ళ మీద ఎప్పుడు పడ్డాను?"

రుమాల్డ్ తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"మీరేమంటున్నారు జసింత్ బాబ్?" అంది పియెదాద్.

"నీ పక్కన ఆ కొత్త బంగళా లేదూ, సెలవులకొచ్చే వాళ్ళది. వాళ్ళ జనరేటరు పొగకి నేను ఆరేసుకున్న బట్టలన్నీ మసిబారుతున్నాయి, కిటికీ తియ్యలేకపోతున్నాను. దాని మీద పెట్టాను అర్జీ. ఇంటి నంబరు లేనిదే కాగితం తీసుకోం అన్నారు పంచాయతీలో. ఆ బంగళాకి పర్మిషనే పూర్తిగా రాలేదు, ఇక నంబరెక్కడిది? అందుకని నీ ఇంటి నంబరు వేసి, 'దీని పక్క ఇల్లు' అని రాశాను. చూడ్డానికి వచ్చేవాళ్ళకి కళ్ళుంటాయి కదా అనుకున్నాను. వాళ్ళేమో తెల్లారకముందే వచ్చారు. బంగళా నిద్రపోతోంది. ఊరు మొత్తం మీద పొగ లేచేది నీ బట్టీ ఒక్కటే."

"నేనూ అదే అనుమానించా" అన్నాడు రుమాల్డ్.

"నువ్వు కాసేపు ఊరుకో" అంది ఎర్మెలిన్.

"ఊరుకుంటాను గాని, ఒక ఇంటి మీద అర్జీ పెడితే ఇంకో ఇంటికి నోటీసివ్వడం చెల్లదు. అర్జీదారే వచ్చి చెబితే కొట్టేస్తారు. ఈ ఒక్కటీ నిజంగానే చట్టంలో ఉంది" అన్నాడు రుమాల్డ్ చిన్న గొంతుతో. ఆ సాయంత్రం ఆయన మాటల్లో అందరూ నమ్మింది అదొక్కటే.

పియెదాద్ జసింత్ వైపే చూస్తోంది. "మరి ఇన్నాళ్ళూ రోజూ గేటు దగ్గర సంచిలో రొట్టె తీసుకుంటూ, ఒక్క మాట చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నువ్వు రొట్టె ఇవ్వడం మానేస్తావని భయం. సోమవారం ఆఫీసరు ముందు నేనే నిలబడతాను, నువ్వు నోరు తెరవక్కర్లేదు. కాని అక్కడ చెప్పే ముందు నీ మొహం చూసి చెప్పాలి కదా." జసింత్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ అర్జీ నేనే రాశాను పియెదాద్. నీ రొట్టె నముల్తూనే రాశాను."