ఢిల్లీ వెళ్ళిన పిల్లి

మొగల్తూరులో తాతాజీగారి అరుగు మీద సాయంత్రం టీకి చేరేది ఇద్దరే. ఒకరు ఆయన బావమరిది పల్లంరాజు, రెండోవాడు కొబ్బరికాయలు దింపే చిట్టియ్య. అయినా తాతాజీగారు ఊరంతా వింటున్నట్టే గొంతెత్తి చెప్పేవారు. ఆ గొంతు తలుపు దాటి ఎవరి దాకా పోవాలో చిట్టియ్యకి తెలుసు. లోపల ఆయన భార్య రత్నమాణిక్యం గారు రక్తం తగ్గి పాలిపోయి కూర్చునుంది. రెండు నెలలుగా ఆవిడ అడిగేది ఒకటే, నా పిల్లి ఏదండీ అని.

"పశువైద్య కాలేజీ వాళ్ళు మన వీధికొచ్చి పిల్లి పెంట అడిగార్రా, పేగుల్లో రక్తం తాగే కొంకిపురుగుల కోసం. వాటి గుడ్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయంట, ఏ జాతిదో తేలాలంటే డీఎన్ఏ పరీక్ష చెయ్యాలంట. సీసాలో కాస్త స్పిరిటు పోసిచ్చారు. దాన్లో ఏం నిలవుంటుందని పారబోసి, ఎండుచేపలకి పట్టించినట్టు రాళ్ళుప్పు పట్టించి పంపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్రొఫెసరు కారేసుకుని వచ్చేశాడు."

కారూ లేదు, ప్రొఫెసరూ లేడు. ఉప్పుకి గుడ్లు ముడుచుకుపోయి పరీక్షకి పనికిరాలేదు. మళ్ళీ పెంట పట్టుకెళ్ళడానికి ఆ కాలేజీలో చదువుకునే పిల్ల ఒకతె బస్సులో వచ్చింది. దాంతో ఫలితం ఆలస్యమైపోయింది. చిట్టియ్య టీ ఊదుకున్నాడు.

"మిషన్లో పెడితే ఆ పురుగు ప్రపంచంలో ఎక్కడా లేని జాతని తేలింది."

"దాని తాతముత్తాతల్ని కూడా చెప్పిందా బావా?"

"ఏడు తరాలు, గోత్రంతో సహా. ఢిల్లీ నించి ఫోను, పిల్లిని పంపమని. పంపనన్నాను. రాజమండ్రికి విమానమే పంపేశారు. కిటికీ పక్క సీటు దానికి. ఇప్పుడక్కడ ఏసీ గది, పూటకో పులస చేప."

"ఢిల్లీలో పులసెక్కడిది బావా?"

"మన గోదావరి నీళ్ళు ట్యాంకర్లలో తోలి పెంచుతున్నార్రా. అది తుమ్మితే పార్లమెంటు వాయిదా."

పల్లంరాజు నవ్వాడు. చిట్టియ్య గ్లాసు కింద పెట్టేశాడు. పిల్లిలో పురుగు మనుషులకి పట్టేది కాదనీ, అమ్మగారి రక్తం తాగింది మనుషుల పురుగేననీ, తోటలో చెప్పుల్లేకుండా తిరిగితే పట్టి ఉంటుందనీ ఆ పిల్ల ఫలితం పట్టుకుని మళ్ళీ వచ్చి చెప్పేసరికే ఇంట్లో పిల్లి లేదు.

రత్నమాణిక్యం గారు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, పిల్లి కనపడకుండా పోయిన రోజు చిట్టియ్య గోనెసంచి తెచ్చి పెరట్లో పడేశాడు. దాని నిండా నా పిల్లి బొచ్చే. నేనే ఉతికి ఆరేశాను."

"విమానం ఎక్కేదాకా సంచిలోనే కదే మరి..." అంటూ తాతాజీగారు గ్లాసు అందుకున్నారు.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. "ఎక్కడ వదిలావు చిట్టియ్యా?"

వాడు తాతాజీగారి వంక చూశాడు. పిల్లి పురుగే ఆవిడకి పట్టిందనుకుని దాన్ని వదిలెయ్యమన్న మనిషి గ్లాసులోకి చూస్తున్నారు.

"నరసాపురం రేవు దాటించి, గోదారి అవతలొడ్డునండి."

"చేపలవాళ్ళుంటారా అక్కడ?"

"ఉంటారండి. బోలెడుమంది."

"అయితే ఆకలికి మాడదులే," అనుకుంటూ ఆవిడ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చిట్టియ్య సంచి మూతి విప్పిన వేళ ఆ ఒడ్డున మనిషన్నవాడు లేడు.