పాప కాళ్లు తన్నింది

ధర్మవరంలో మగ్గమున్న ఇంటి పంచలో, నెలన్నర పాపను పెట్టుకొని అత్తా కోడలూ కూర్చున్నారు. బావులెండి, గుడ్డలు ఉతకడానికి కూడా నీళ్లు దొరకని ఏడు అది.

"కాళ్లు చాపుకో. పాపను నీ పాదాల మీద కూర్చోబెట్టి ఉస్సు అను."

"ఉస్... పోసిందత్తా!"

"చూస్తివా? పోసే ముందర కాళ్లు తన్నుతాది. అది కనిపెట్టుకుంటే గుడ్డ తడవదు."

"మొన్న కూడా తన్నింది. నేను చూసినా."

"ఎప్పుడు?"

"మగ్గం కాడ నూలు చుట్టేటప్పుడు. ఈ కండె ఒక్కటి చుట్టి లేద్దామనుకుంటి. అంతలోనే పక్కనున్న పట్టునూలంతా తడిసి రంగు దిగిపాయ."

"ఊ."

"నీ కాలు తగిలి నీళ్లచెంబు పడిందని నీ కొడుక్కు చెప్పినానత్తా. ఆయన నిన్ను అన్ని మాటలంటాంటే నోరు మూసుకొని నిలబడినా. మగ్గం గదిలో కాలు పెట్టొద్దన్నాడు నిన్ను."

"ఏడవద్దులే. నాకు ఆ పొద్దే తెలుసు."

"ఎట్ల?"

"ఆ నూలు పిండి ఆరేసింది నేనే గదా. నీళ్లకు ఆ వాసన యాడిదే?"

"తెలిసీ అన్ని మాటలు ఎందుకు పడితివి?"

"నీ మొగుడు పసిబిడ్డప్పుడు వాడూ ఇట్లే మగ్గం మీది చీర తడిపినాడు. నేనూ మా అత్త పేరే చెప్పినా. నువ్వు మూడు దినాలకే చెప్పుకొంటివి. ఆయమ్మ కాటికి పోయేదాకా నా నోరు పెగల్లే."